ర్యాంకుల్లేని గోడ

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం నలభై ఏళ్ల క్రితం గోడలు పాడుచేస్తున్న పిల్లలకే కుంచెలిచ్చింది. గోడలు బాగుపడతాయనుకుంటే, మనసుల మీద కమ్మిన మబ్బు కూడా కొంత తొలగింది. పిల్లల ఒత్తిడి గురించి ప్రతి ఏప్రిల్‌లో కలవరపడే మన ఊళ్లు ఆ నగరం నుంచి నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు తెలుగు ఊళ్ల రూపం మారిపోతుంది. బస్టాండు ఎదుట, ఫ్లైఓవర్ స్తంభాల మీద, సందు మొదట్లోని కరెంటు స్తంభానికి, పత్రిక మొదటి పేజీలో ఎక్కడ చూసినా పిల్లల ముఖాలే. తపాలా బిళ్లంత ఫొటో, దాని కింద మార్కులు, ఆ కింద హాల్‌టికెట్ నంబరు. మధ్యలో కాలేజీ పేరు మాత్రం మనిషంత అక్షరాల్లో. ఆ ఫ్లెక్సీల కింద నిలబడి బస్సు కోసం ఎదురుచూసే మిగతా పిల్లల ముఖాలు ఏ గోడ మీదా కనిపించవు. మన దగ్గర పదిహేడేళ్ల పిల్లల ముఖం గోడకెక్కాలంటే ర్యాంకు రావాలి. లేదంటే మిగిలేది శ్రద్ధాంజలి ఫ్లెక్సీ.

ఫిలడెల్ఫియాలో బ్రాడ్ స్ట్రీట్, స్ప్రింగ్ గార్డెన్ స్ట్రీట్ కలిసే చోట ఎనిమిది అంతస్తుల గోడ ఒకటుంది. 1998లో మెగ్ సాలిగ్‌మన్ అనే చిత్రకారిణి దాని నిండా కుర్రాళ్లనూ అమ్మాయిలనూ చిత్రించింది. బొమ్మ పేరు ‘కామన్ థ్రెడ్స్’. అంటే అందరినీ కలిపే దారాలని అర్థం. పాతకాలపు పింగాణీ బొమ్మలు ఏ భంగిమల్లో ఉన్నాయో, ఆ భంగిమల్లోనే నగరంలోని హైస్కూలు విద్యార్థులను నిలబెట్టి గీసింది. ఆ పిల్లల్లో ఎవరికెన్ని మార్కులొచ్చాయో గోడ మీద ఎక్కడా ఉండదు. ఆ ఊరి పిల్లలు కావడమే గోడ మీదికెక్కడానికి వాళ్లకున్న అర్హత.

2023 జులై 7 నుంచి 9 వరకు ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 23వ మహాసభలు ఇదే నగరంలోని పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్‌లో జరిగాయి. వేలాది తెలుగు కుటుంబాలు తరలివెళ్లిన ఆ సభాప్రాంగణానికి ఈ గోడ నడిచి వెళ్లేంత దూరమే. ఆ పెద్ద బొమ్మను దాటుకుంటూ కార్లలో వెళ్లిన మనవాళ్లు ఎందరో ఉంటారు. దాని వెనకున్న కథ మాత్రం మన పత్రికల్లోకి పెద్దగా రాలేదు.

‘నేను బతికే ఉన్నాను’

ఆ కథ 1960లలో మొదలవుతుంది. డారిల్ మెక్‌క్రే అనే నల్లజాతి కుర్రాణ్ణి అప్పట్లో బాలుర సంస్కరణ కేంద్రంలో పెట్టారు. తన అమ్మమ్మ చేసే మొక్కజొన్న రొట్టె కావాలని అక్కడి వంటమనిషిని రోజూ సతాయించేవాడట. విసిగిపోయిన ఆ మనిషి వాడికి ‘కార్న్‌బ్రెడ్’ అని పేరు పెట్టేశాడు. కుర్రాడికి ఆ పేరు నచ్చింది. దాన్ని కేంద్రం గోడల మీద రాయడం మొదలుపెట్టాడు. బయటికొచ్చాక ఉత్తర ఫిలడెల్ఫియా వీధుల నిండా రాశాడు. సింథియా అనే అమ్మాయి కంట పడాలని, కార్న్‌బ్రెడ్ ఆమెను ప్రేమిస్తున్నాడని కనిపించిన ప్రతి గోడ మీదా చాటాడు. అతను చనిపోయాడని ఒక పత్రిక పొరపాటున రాస్తే, జంతు ప్రదర్శనశాలలోని ఏనుగు మీద ‘కార్న్‌బ్రెడ్ బతికే ఉన్నాడు’ అని రాసొచ్చానని అతనే చెబుతాడు. ఆధునిక గ్రాఫిటీకి ఆద్యుల్లో ఒకడిగా అతని పేరు ఈరోజు చరిత్రలో ఉంది.

ఏనుగు మీద రాతను ఆకతాయితనంగా చూసేవాళ్లు అలాగే చూడొచ్చు. కానీ ఒక పిల్లవాడు ప్రాణానికి తెగించి కంచె దూకి మరీ ‘నేను బతికే ఉన్నాను’ అని రాశాడంటే, ఆ మాట అంతకుముందు ఎవరికి చెప్పినా వినిపించుకోలేదనే కదా!

1980ల నాటికి నగరమంతా రాతలమయమైంది. 1984లో ఫిలడెల్ఫియా తొలి నల్లజాతి మేయర్ విల్సన్ గూడ్ ‘యాంటీ గ్రాఫిటీ నెట్‌వర్క్’ను ఏర్పాటు చేశారు. గోడలు పాడుచేయబోమని సంతకం పెట్టిన పిల్లల మీద కేసులుండవు, దానికి బదులు వాళ్లు గోడలు కడగాలి అన్నది ఏర్పాటు. ఆ పిల్లలతో పనిచేయించడానికి జేన్ గోల్డెన్ అనే యువ చిత్రకారిణిని తీసుకున్నారు. అంతకుముందు ఆమె లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో గోడబొమ్మలు వేసేది.

చీపురు, బకెట్టు ఇచ్చి పంపాల్సిన పిల్లల్లో ఆమె చిత్రకారులను చూసింది. రాత్రిపూట పోలీసుల కళ్లుగప్పి పెద్ద గోడ మీద అక్షరం వంపు తప్పకుండా గీసేవాడికి చేయి ఎంత స్థిరంగా ఉండాలో బొమ్మలు గీసేవాళ్లకు తెలుస్తుంది. ఆమె వాళ్లతో గోడలు కడిగించడంతో ఆగలేదు. అవే గోడల మీద ఊరంతా మెచ్చే బొమ్మలు వేయించింది. 1996లో ఈ పని ‘మ్యూరల్ ఆర్ట్స్ ప్రోగ్రామ్’ పేరుతో ప్రత్యేక సంస్థగా మారింది. ఇప్పటికి ఆ నగరంలో 4,000కు పైగా కుడ్యచిత్రాలు తయారయ్యాయి.

గోడ పాడుచేసినవాణ్ణి ఏం చేయాలి అని అడిగే నగరం, వాడికి గోడ ఎందుకు కావాల్సి వచ్చిందని అడగడం నేర్చుకుంది. అసలు మార్పు అక్కడే వచ్చింది. ఈ మాట చెప్పుకోవడం తేలిక. ఒక మునిసిపాలిటీ దానికి బడ్జెట్ కేటాయించి, మేయర్లు మారినా నలభై ఏళ్లు నిలబెట్టుకోవడం చాలా కష్టం.

గుడ్డ మీద గీసి, గోడకు అతికించి

ఎనిమిది అంతస్తుల గోడ మీద పదిహేనేళ్ల పిల్లలు ఎలా గీస్తారు? ఎత్తంటే భయపడేవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, ఆసుపత్రి వార్డు దాటి రాలేనివాళ్లు, జైల్లో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

ఈ చిక్కును ఒక గుడ్డ విడదీసింది. పారాచూట్ క్లాత్ అని పిలిచే పల్చటి గుడ్డ అది. 1990లో కెంట్ ట్విచెల్ అనే చిత్రకారుడు బాస్కెట్‌బాల్ ఆటగాడు జూలియస్ ఎర్వింగ్ నిలువెత్తు బొమ్మను ఈ గుడ్డ మీద గీసి ఫిలడెల్ఫియా గోడకు అతికించాడు. ఆ పద్ధతిని మ్యూరల్ ఆర్ట్స్ అందిపుచ్చుకుంది. చిత్రకారుడు మొత్తం బొమ్మను గళ్లుగా విడగొడతాడు. ఒక్కో గడి సుమారు అయిదడుగుల చదరం. గడిలోని ప్రతి ముక్కలో ఏ రంగు నింపాలో అంకె వేసి ఉంటుంది. ఆ గుడ్డలు బళ్లకు, వృద్ధుల కేంద్రాలకు, మత్తు మాన్పించే కేంద్రాలకు, జైళ్లకు వెళ్తాయి. బొమ్మ గీయడం బొత్తిగా రానివాళ్లు కూడా కూర్చుని రంగు నింపుతారు. చివరికి అన్నీ కలిపి, యాక్రిలిక్ జిగురుతో గోడకు అతికిస్తారు. కొన్నాళ్లకు గుడ్డేదో గోడేదో తెలియకుండా కలిసిపోతాయి.

చేర్యాల నకాషీ కళాకారులకు ఇందులో వింతేమీ కనిపించదు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, దాని మీద కులపురాణాలు గీసి, కథ చెప్పేవాళ్ల చేతికివ్వడం వాళ్ల వంశవృత్తి. ముప్పై నలభై అడుగుల పటం చుట్ట ఊరూరూ తిరిగి, ఏ ఊళ్లో విప్పితే ఆ ఊరి బొమ్మ అయ్యేది. గుడ్డ మీద గీసిన బొమ్మ నడిచి జనం దగ్గరికి వెళ్లగలదని సిద్దిపేట జిల్లాకు ఎప్పుడో తెలుసు.

ఈ పద్ధతిలో మరో మేలుంది. అది కౌన్సెలర్లకు బాగా తెలుసు. పదహారేళ్ల పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లలోకి చూస్తూ ‘ఏమైంది నాన్నా, చెప్పు’ అంటే పెదవి విప్పడు. పక్కపక్కన కూర్చుని, చూపులు గుడ్డ మీదుంచి, చేతులు పనిలో పెడితే అరగంటకు వాడే మొదలుపెడతాడు. మన ఇళ్లలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అప్పడాలు ఎండబెడుతూ ఆడవాళ్లు ఎన్ని బరువులు దించుకున్నారో గుర్తుచేసుకుంటే ఇది కొత్త శాస్త్రం కాదని తెలుస్తుంది. చేతికి పనుంటే నోటికి ధైర్యం వస్తుంది. ఈ కాలపు పిల్లల చేతికి మిగిలిన పని ఓఎమ్మార్ షీటులో సున్నాలు నింపడం, ఫోను తెర మీద వేలు జరపడం.

వసారా దీపం

ఇదంతా మనసుకు మేలు చేస్తోందని మ్యూరల్ ఆర్ట్స్ వాళ్లకు అనుభవంలో తెలుసు. దాన్ని ఆరోగ్య కార్యక్రమంగా మలచడానికి వాళ్లు నగర ప్రభుత్వంలోని మానసిక ఆరోగ్య విభాగంతో చేయి కలిపారు. అప్పట్లో ఆ విభాగానికి అధిపతి ఆర్థర్ ఎవాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. తర్వాత ఆయన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు సారథి అయ్యారు. వైద్యం ఆసుపత్రి గదిలోనే జరగాలన్న నియమమేమీ లేదనీ, మనిషి బతికే వీధి కూడా ఆరోగ్యంగా ఉండాలనీ ఆయన వాదన. అలా పుట్టిన కార్యక్రమమే ‘పోర్చ్ లైట్’. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరే మనిషి కోసం వసారాలో వెలిగించి ఉంచే దీపం అని దాని అర్థం.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. ఒక చిత్రకారుడు నెలల తరబడి ఒక చికిత్సా కేంద్రానికి వెళ్తాడు. అక్కడి మనుషులతో, చుట్టుపక్కల వాళ్లతో కలిసి బొమ్మ దేని గురించి ఉండాలో మాట్లాడతాడు. చికిత్స సిబ్బంది పక్కనే ఉంటారు. బొమ్మ నమూనా వీధి జనం ముందుకు వస్తుంది, వాళ్లు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే గుడ్డలు, రంగులు. చివరికి గోడ దగ్గర అందరూ కలిసి ప్రారంభోత్సవం చేసుకుంటారు. మందులు తీసుకుంటున్న మనిషి, ఆ మనిషిని చూసి ఇంతకాలం తప్పుకుని నడిచిన పొరుగువాడు ఒకే బొమ్మను ‘మనది’ అనుకునే రోజది.

2012లో జేమ్స్ బర్న్స్ చిత్రించిన ‘ఫైండింగ్ ద లైట్ వితిన్’ ఈ కోవలో ఎంచదగ్గది. ఆత్మహత్య గురించిన గోడబొమ్మ అది. ఎవరూ నోరెత్తని విషయాన్ని నడివీధి గోడ మీద పెట్టడానికి గుండె కావాలి. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు, ఆ ప్రయత్నం చేసి బతికి బయటపడ్డవాళ్లు కలిసి కూర్చుని తమ కథలు చెప్పుకున్నారు, రాశారు, రంగులు వేశారు. వందలాది చేతులు పడ్డాయి. ఇంట్లో ఇలాంటి చావు జరిగితే ‘గుండెపోటు’ అని చెప్పుకునే సమాజం మనది. ఆ అబద్ధం వెనక ఉన్న ఒంటరితనం ఎంతటిదో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. పోయినవాడి పేరు పదిమందిలో పలకగలగడం కూడా ఒక ఊరటే.

ఫలితాల సంగతి? యేల్ విశ్వవిద్యాలయ వైద్య విభాగానికి చెందిన జేకబ్ టెబ్స్ బృందం పోర్చ్ లైట్‌ను కొన్నేళ్లు పరిశీలించి 2015లో నివేదిక ఇచ్చింది. కొత్త గోడబొమ్మలు వెలసిన చోట్లకు మైలు దూరం లోపల ఉండేవాళ్లలో ఒకరిమీద ఒకరికి నమ్మకం, కలిసి ఏదైనా చేయగలమన్న భావం పెరిగాయి. దాదాపు రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు నిలిచే ఉంది. మానసిక సమస్యలున్నవాళ్ల పట్ల చిన్నచూపు తగ్గింది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఈ మార్పు రంగు పూసినవాళ్ల దగ్గర ఆగలేదు. ఆ వీధిలో నడిచేవాళ్ల దాకా వెళ్లింది. మాత్ర వేసుకున్నవాడికే పనిచేస్తుంది. గోడబొమ్మ వీధి మొత్తానికి పనిచేసింది.

అదే నగరంలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో భారతీయ మూలాలున్న పరిశోధకురాలు గిరిజ కైమల్ 2016లో ఒక చిన్న ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. 39 మంది పెద్దవాళ్లకు మట్టి, మార్కర్లు, అతికించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేయమన్నారు. ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్‌ను కొలిచారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోను అది. నాలుగింట మూడొంతుల మందిలో తగ్గింది. అంతకుముందు బొమ్మలు గీసిన అలవాటు ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా తగ్గింది. ముప్పై తొమ్మిది మందిని చూసి లోకానికంతటికీ తీర్పు చెప్పలేం. అయితే ‘మావాడికి బొమ్మలు రావండీ’ అనే తల్లిదండ్రులకు, అలవాటు లేకపోయినా తగ్గిందన్న మాట పనికొస్తుంది. కళకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో వెలువరించిన నివేదిక 3,000కు పైగా అధ్యయనాలను పరిగణనలోకి తీసుకుంది. జబ్బు రాకుండా చూడటంలోనూ, వచ్చాక కోలుకోవడంలోనూ కళలకు పాత్ర ఉందని తేల్చింది.

మన లెక్క

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. రోజుకు ముప్పై అయిదుగురికి పైనే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు రాలిపోయిన రోజులు ఇంకా ఎవరూ మరచిపోలేదు. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వయసువాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అరవై మంది ఉన్న తరగతిలో నలుగురు. ఆ నలుగురూ ఎవరో ఆ తరగతి టీచరుకు తెలియదు. చాలాసార్లు ఆ పిల్లలకే తెలియదు. నిద్ర పట్టకపోవడాన్ని బద్ధకమనీ, దిగులును పొగరనీ, ఏడుపును నటన అనీ పెద్దలు అంటుంటే వాళ్లూ అదే నిజమనుకుంటారు.

తెలిసినా చెప్పుకోవడానికి భాషేది? హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అనేది ఒక మానసిక ఆసుపత్రి ఉన్న చోటు. దశాబ్దాలుగా వేలమందిని బాగుచేసిన చోటు. మన మాటల్లో అది తిట్టు. సినిమాల్లో నవ్వించడానికి వాడే మాట. ఒక రోగానికి వైద్యం దొరికే చోటునే తిట్టుగా మార్చేసుకున్నాక, పిల్లలు నోరు విప్పడం లేదని వాళ్లను తప్పుపట్టలేం.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు మూలం మన తెలుగు నేల మీదే ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జులైలో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతోపాటు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీచేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. పత్రికల్లో వీటి గురించి బాగానే వచ్చింది. అంతగా చర్చకు రానిది మరొకటుంది. ఆటలకు, కళలకు, వ్యక్తిత్వ వికాసానికి విద్యాసంస్థలు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా కోర్టు చెప్పింది. కళ అనే మాట దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పులో ప్రాణాలు నిలిపే ఏర్పాట్ల సరసన చేరింది. దాన్ని అలంకారంగా తీసుకుంటే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టే.

హైస్కూల్లో డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసుకుంటారు. ఇంటర్లో అడగాల్సిన పనే ఉండదు, ఆ పీరియడే లేదు.

ముగ్గుకు కూడా మార్కులే

మన దగ్గర గోడకు, బొమ్మకు, మనసుకు ఉన్న బంధం ఫిలడెల్ఫియా కంటే చాలా పాతది. శ్రీకాకుళం, మన్యం కొండల్లోని సవరలు ఇంటి గోడ మీద గీసుకునే బొమ్మల వెనక జబ్బు నయం కావాలన్న మొక్కు ఉండేది. సవరల గోడచిత్రాల గురించి వెరియర్ ఎల్విన్ 1955 నాటి తన గ్రంథంలో వివరంగా రాశాడు. ఇంట్లో ఒకరికి బాగాలేకపోతే పూజారి గోడ మీద బొమ్మ గీసేవాడు, బంధుజనం చేరేవారు. ఆ నమ్మకాన్ని వైద్యమని అనలేం. కానీ ఒకరికి కష్టం వస్తే ఇంటిల్లిపాదీ గోడ చుట్టూ చేరి, ఆ కష్టానికి ఒక రూపమిచ్చి, అందరూ చూసేలా పెట్టడంలో ఎంత తెలివి ఉందో ఇప్పటి కౌన్సెలర్లను అడిగితే చెబుతారు. బతుకమ్మను ఎవరూ ఒక్కరే ఆడరు. పూలు కోసేవాళ్లు, పేర్చేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు అందరూ ఉంటేనే బతుకమ్మ.

ఇంత ఉండి కూడా, సంక్రాంతి వస్తే చేసే మొదటి పని ముగ్గుల పోటీ. మొదటి బహుమతి మిక్సీ, రెండో బహుమతి కుక్కర్. బడిలో చిత్రలేఖనం అంటే మళ్లీ పోటీయే. గెలిచినవాడి ఫొటో ఫ్లెక్సీ మీదికి, ఓడిన యాభై మంది ‘నాకు బొమ్మలు రావు’ అన్న మాటను జీవితాంతం మోస్తూ ఇంటికి. ర్యాంకుల నుంచి కాసేపు తెరిపినివ్వాల్సిన పనిలో కూడా ర్యాంకులు పెట్టడం మన పెద్దవాళ్లకు పట్టిన జబ్బు.

హైదరాబాద్‌లో రాజ్‌భవన్ దగ్గరి మక్తా బస్తీ గోడల మీద 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ కళాకారులతో పెద్దపెద్ద బొమ్మలు వేయించింది. ఇరుకు సందులు వెలుగులోకి వచ్చాయి, చూడటానికి జనం వెళ్తున్నారు. అది మంచి పని. అయితే పేరున్న కళాకారుడు వచ్చి అందమైన బొమ్మ వేసి వెళ్లడం వేరు, ఆ బస్తీ కుర్రాళ్లు నాలుగు నెలలు కూర్చుని తమ బొమ్మేదో తేల్చుకుని వేసుకోవడం వేరు. మొదటిదానితో వీధి అందంగా మారుతుంది. మనసుకు కావాల్సింది రెండోది. కోల్‌కతాలో సోహిని చక్రవర్తి 2004లో స్థాపించిన ‘కోల్‌కతా సంవేద్’ ఈ తేడాను బాగా పట్టుకుంది. అక్రమ రవాణా చెర నుంచి బయటపడిన అమ్మాయిలతో ఆ సంస్థ నృత్యం చేయిస్తుంది. వేదిక కోసం, చప్పట్ల కోసం కాదు. తన ఒంటి మీద తనకే అసహ్యం పుట్టించిన రోజుల నుంచి ఆ అమ్మాయి బయటికి రావడానికి. అలా కోలుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు ఇతరులకు నేర్పుతున్నారు.

మొదలుపెడితే ఇలా

ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీకీ ప్రహరీ గోడ ఉంది. ఎక్కువచోట్ల దాని మీద ఉన్నవి కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, రాజకీయ పోస్టర్ల చిరుగులు. ఒక గోడ, ఒక డ్రాయింగ్ మాస్టారు లేదా ఊళ్లోని ఫ్లెక్సీలకు ముందుకాలపు సైన్‌బోర్డు ఆర్టిస్టు, జిల్లా ఆసుపత్రి నుంచి నెలకు నాలుగుసార్లు రాగలిగే ఒక కౌన్సెలర్ ఉంటే చాలు, పని మొదలుపెట్టవచ్చు. కంప్యూటర్ ప్రింటింగ్ వచ్చాక పని పోగొట్టుకున్న ఆ ఆర్టిస్టులు ప్రతి పట్టణంలో ఇంకా ఉన్నారు. పది అడుగుల అక్షరాన్ని చేత్తో రాయగలిగిన మనుషులు వాళ్లు. పిల్లలకు అంతకంటే మంచి గురువులు దొరకరు.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గోడ మీద ఏముండాలో ప్రిన్సిపాలో, స్పాన్సరో తేల్చకూడదు. ‘నవ్వుతూ బతకండి’ లాంటి నినాదాలు రాయించకూడదు, దిగులుగా ఉన్న పిల్లవాడికి ఆ వాక్యం చెంపదెబ్బలా తగులుతుంది. పిల్లలు చెప్పుకున్న సొంత కథను వాళ్ల అనుమతి లేకుండా బొమ్మలోకి, ఫేస్‌బుక్‌లోకి ఎక్కించకూడదు. నల్లరంగు వాడాడు కాబట్టి డిప్రెషన్, ఎర్రరంగు వాడింది కాబట్టి కోపం అని జాతకాలు చెప్పకూడదు. బహుమతులు అస్సలు వద్దు. రెండు రోజుల్లో ముగించి మంత్రిగారితో రిబ్బను కత్తిరించే తొందర వద్దు, మేలంతా ఆ నెలల నిడివిలోనే ఉంది.

మరొక మాట గట్టిగా చెప్పుకోవాలి. రంగులు వైద్యానికి బదులు కావు. తిండి మానేసిన, రాత్రుళ్లు నిద్రపోని, చావు గురించి మాట్లాడే పిల్లవాడికి కావాల్సింది డాక్టరు, వెంటనే. బొమ్మల పని డాక్టరు దాకా దారి వేస్తుంది. పక్కన కూర్చుని రంగు నింపే స్నేహితుడికి, మాస్టారికి, కౌన్సెలరుకు ఆ మార్పు అందరికంటే ముందు కనిపిస్తుంది. ‘ఎర్రగడ్డ’ అన్న మాటకు భయపడే పిల్లవాడు ‘గోడ దగ్గరికి వస్తావా’ అంటే వస్తాడు. ఫిలడెల్ఫియా చికిత్సా కేంద్రాలు చిత్రకారులను లోపలికి పిలిచిందీ అందుకే.

ఖర్చు మాట ఎత్తేవాళ్లు ఉంటారు. ఫలితాల మర్నాడు ఒక్కో పట్టణంలో ర్యాంకుల ఫ్లెక్సీలకయ్యే ఖర్చు ఒకసారి లెక్కవేసి చూడండి. అందులో చిన్న భాగంతో ఊరికొక గోడ వస్తుంది. వచ్చే విద్యాసంవత్సరం తెరిచేలోపు మీ ఊరి కాలేజీకి వెళ్లి ఒక్కటే అడగండి: ఈ ప్రహరీ గోడను పిల్లలకు ఇస్తారా? పూర్వ విద్యార్థులైతే రంగుల డబ్బాలు మీరు కొనివ్వండి. తానా సభలకని ఫిలడెల్ఫియా వెళ్లొచ్చినవాళ్లైతే, చదువుకున్న ఊరికి ఈసారి గుడి గోపురంతో పాటు ఒక గోడ కూడా ఇవ్వండి.

అంతవరకు ఆగలేని పిల్లలు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీమానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును కాగితం మీద రాసి, పిల్లలు రోజూ చూసే గోడకు ఈరోజే అతికించండి.